సముద్రంల బోరు, ఆదిలాబాద్‌ల మీటింగు

ముందే ఒక మాట చెప్త. గీ యాత్రల సముద్రం ఎక్కడ రాదు. అలలు, పడవలు కావాల్నంటె ఇక్కడ్నే ఆగుండ్రి, తర్వాత నన్ను తిట్టొద్దు. నేను పోయింది కరీంనగర్‌కెళ్లి ఆదిలాబాద్ దాక, మూడు రోజులు. పోయిన పని మాత్రం సముద్రంల వేసే బోరు గురించే.

నా పేరు దేవదానం. ముప్పై ఏండ్లు బోరు లారీ నడిపిన. కరీంనగర్ చుట్టుపక్కల నేను పొక్క పెట్టని ఊరు తక్కువ. పోయినేడు మోకాళ్లు మొరాయిస్తె లారీ అమ్మేసి ఇంట్ల కూసున్న. చెవులు అంతకుముందే పోయినయి. ఎవలన్న మెల్లగ మాట్లాడితె నాకు తిక్క లేస్తది, అది సుత ముందే చెప్పి పెడ్తున్న.

నా చెల్లె సుగుణ ఆదిలాబాద్‌ల ఉంటది. దవాఖానల నర్సు పని చేసి రిటైరయింది. మా బావ పానం పోయి ఆరేండ్లయితున్నది. ఒకనాడు పొద్దుగాల ఫోన్ చేసింది.

"అన్నా, సముద్రంల చమురు కోసం బావి తవ్వుతున్నరట. కంపెనీ మనసొంటి చిన్నోళ్లకు సుత షేర్లిస్తున్నది. శనివారం మా ఇంట్ల మీటింగు. నేను చెక్కు రాసి పెట్టిన. నువ్వు సుత నీ లారీ పైసలు పట్కరా."

"ఎంత రాసినవే?"

"రిటైర్మెంటుల వచ్చినయి అన్నీ."

నాకు గుండె జల్లుమన్నది. అయితె అబద్ధమెందుకు, ఆ జల్లు రెండు తీర్లది. ఒకటి భయం. రెండోది ఆశ. లారీ పైసలు బ్యాంకుల పండుకోని ఉన్నయి, అవి లేచి పరిగెత్తితె ఎట్లుంటదో అని నేను సుత అప్పటికప్పుడే లెక్కేసుకున్న. నా భార్య గ్రేసమ్మ నా ముఖం జూసి కనిపెట్టింది. "ముందుగాల అడిగి తెల్సుకో. బోర్లేసిన మనిషివి, నువ్వే ఆగం అయితె ఇంకెవలకు చెప్తవ్?" అన్నది. చెల్లె పంపిన కంపెనీ పుస్తకం, రెండు జతల బట్టలు, బీపీ గోలీలు సంచిల ఏసుకోని గురువారం ఎల్లిన.

కొండగట్టు కింద

మేం మెథడిస్టు చర్చోళ్లం. కొండ మీది గుడికి ఎక్కే పని లేదు. కాని కొండగట్టు కింద మిర్చి బజ్జి తినకుంట ముందటికి పోవుడు నాకు చేతగాదు. లారీ నడిపిన రోజులల్ల సుత అక్కడ బ్రేకు దానంతటదే పడుతుండె. ప్లేటు ముప్పై రూపాయలు, మీద కోసిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. చాయ్ పది.

బెంచీ మీద నా పక్కపొంటి జగిత్యాల దిక్కు రైతు కూసున్నడు. మామిడి తోటల ఆసామి, మొక్కు తీర్చుకోని కిందికి దిగిండు, నెత్తి మీద గుండు మెరుస్తున్నది. నేను కంపెనీ పుస్తకం తీసి చూస్తుంటె ఆయన తొంగి చూసిండు. నీలం నీళ్ల నడుమ నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఇనుప మంచె బొమ్మ.

"ఇదేంది పటేలా?"

"సముద్రంల బోరు."

ఆయన గుండు మీద చెయ్యి తిప్పుకున్నడు. "అక్కడ అన్నీ నీళ్లే గద. మళ్ల బోరెందుకు?"

నాకు నవ్వాగలే. నీళ్లకు కాదు, నీళ్ల కింద మన్ను, మన్ను కింద రాయి, ఆ రాయిల చమురు ఉన్నదేమో చూసేటందుకు అని చెప్పిన. "ఉన్నదేమో" అన్న మాట ఆయన పట్టుకున్నడు. "అంటె ఉన్నదని తెల్వదా? పాయింట్ ఎవలు చూస్తరు?"

మా దిక్కు బోరు పాయింట్ అంటె తెల్సు కదా. చేతిల కొబ్బరికాయ పెట్టుకోని ఒకాయన చేనంత తిరుగుతడు. కాయ లేచి నిలబడ్డ కాడ సున్నంతోని గుర్తు పెడ్తరు. మా చర్చోళ్లు సుత ఆయన్ని పిలుస్తరు, గుర్తు పెట్టినంక పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేపిస్తరు. రెండు దిక్కుల బందోబస్తు. సముద్రంల పడవకెళ్లి చప్పుడు కిందికి పంపి, అది ఎనుకకు వచ్చే తీరు చూసి రాయి ఎట్లున్నదో గీస్తరని పుస్తకంల ఉన్నది. అదే చెప్పిన.

"కొబ్బరికాయ కన్న నయమే," అన్నడు. "అయినా చమురు పడకుంట పోతదా?"

"పోతది. మస్తు పోతయట."

గీ మాటల్ల ఉండంగనే కోతి వచ్చింది. కొండగట్టు కోతుల గురించి తెల్వనోళ్లకు చెప్పేదేందంటె, అవి అడుక్కోవు, గుంజుకుంటయి. అరటిపండ్లనుకున్నదో ఏమో, నా చేతిల పుస్తకం గుంజుకోని రేకుల మీదికి ఎక్కింది. ఒక్కొక్క కాయితం చింపి, వాసన జూసి, కింద పారేస్తున్నది. బజ్జీలు చేసే ఆమె కడుపు పట్టుకోని నవ్వింది. "అది సుత తింటలేదు బాపూ!" అన్నది. ఆఖరుకు నా చేతికి వచ్చినయి మూడు కాయితాలు, వాటి మీద కంపెనీ పెద్దమనుషుల ఫోటోలు. నేను మాత్రం పరేషాన్ కాలే, చదవాల్సింది చదివిన.

చెన్నూరు

చెన్నూరు పోయింది పోశం కోసం. పోశం ఎనిమిదేండ్లు నా లారీ మీద డ్రిల్లరు. ఆ తర్వాత ఎవలో తెల్సినోళ్లను పట్టుకోని సముద్రం మీద బోరేసే రిగ్గుల చేరిండు, పన్నెండేండ్లు చేసిండు. ఇప్పుడు చెన్నూర్ల వెల్డింగు దుకాణం. సముద్రం బోరు సంగతి నాకు తెల్సినోళ్లల్ల తెల్సినోడు అతనొక్కడే.

నన్ను చూడంగనే ముఖానికి పెట్టుకున్న అద్దం తీసి పక్కన పెట్టిండు. "ఓనర్! చెప్పకుంట వచ్చినవ్!" అని చెయ్యి పట్టుకున్నడు. వాళ్లింట్ల గోదావరి చేపల పులుసు. మా కరీంనగర్ల డ్యాం చేప తింటం, అది మెత్తగుంటది. గోదావరి చేప కండ గట్టిది. పోశం భార్య పులుసుల పచ్చి మామిడికాయ ముక్కలేసింది, చింతపండు తక్కువ. నేను మూడు మార్లు ఏయించుకున్న.

తిన్నంక అడిగిన. "పోశం, చిన్నోడు ఒకడు గా బోరుల పైసలు పెడితె వస్తయా?"

అతను చెయ్యి తుడుచుకుంట నిమ్మలంగ చెప్పిండు. "ఇరువై ఎనిమిది రోజులు నీళ్ల మీద, ఇరువై ఎనిమిది రోజులు ఇంటికాడ. హెలికాప్టర్ల తీస్కపోతరు. తిండి మంచిగుంటది, పని మొండిది. మూడు నెలలు, నాలుగు నెలలు రాత్రింబగళ్లు పొక్క తోడుతం ఓనర్. తోడినంక ఒకనాడు పెద్దసార్లు వచ్చి కాయితాలు చూస్తరు, తల అడ్డంగ ఊపుతరు. సిమెంటు పోసి మూతేసి, రిగ్గును ఇంకో కాడికి గుంజుకపోతరు. నేను చేసినయి ఎక్కువ అసొంటియే."

"చమురు పడ్డది లేదా?"

"పడ్డయి ఉన్నయి. పడినంక సుత అది ఒడ్డుకు రావాల్నంటె ఏండ్లు పడ్తయి. పైపులెయ్యాలె, మళ్ల బావులు తియ్యాలె, సర్కారుతోని మాట్లాడాలె. గా లోపల ఇంకిన్ని పైసలు కావాల్నంటరు. పెద్ద కంపెనీకి పది బోర్లుంటయి, తొమ్మిది పోయినా ఒకటి లేపుతది. గీళ్లకు ఎన్నున్నయి?"

"ఒక్కటే."

"ఒక్కటే!" అన్నడు. "మరి గా షేరు మార్కెట్ల ఉన్నదా? మార్కెట్ల ఉన్న కంపెనీదైతె ధర పడితె పడ్డది, అమ్ముకోని బయటపడొచ్చు. మార్కెట్ల లేని కాయితం ఎవడు కొంటడు?"

మార్కెట్ల లేదు. అది నాకు తెల్సు. చెల్లెను అడిగితె "తర్వాత వస్తదట" అన్నది.

"ఓనర్, ఒక మాట," అన్నడు పోశం. "రిగ్గుకు రోజు కిరాయి. చమురు పడ్డా పడకున్నా కిరాయి కిరాయే. నాకు జీతం జీతమే. నష్టపోయేది పొక్క ఎవలదో వాళ్లే. మనం ఫీటు మీద తీస్కున్నట్టే." అని నా దిక్కు చూడకుంట, "మీ చెల్లె చేన్ల నాలుగో బోరు యాదికున్నదా?" అన్నడు.

యాదికుండుడేంది, మర్చిపోతె గద.

మీకు సుత చెప్పాలె, లేకుంటె మిగిలిన యాత్ర సమజ్ కాదు. పదిహేనేండ్ల కిందటి ముచ్చట. ఆదిలాబాద్ అవుతల సుగుణ వాళ్లకు నాలుగెకరాల నల్లరేగడి చేను. మూడు బోర్లు ఎవలెవలో వేసిపోయిండ్రు, పడలే. నాలుగోది నన్ను వెయ్యమన్నరు, సొంతోడు కదా అని. బోరు లారీ వస్తె చేనాయన ఇంట్ల అందరికి తిండి పెట్టాలె, అది పద్ధతి. సుగుణ చేన్లనే పొయ్యి పెట్టి కోడికూర వండింది. మూడొందల ఫీట్ల కాడ నల్లరాయి తగిలింది. దుమ్ము పొడిగ లేస్తున్నది. అప్పటికే పదిహేనేండ్ల పని, దుమ్ము రంగు చూస్తె నాకు తెల్వదా? కింద ఏం లేదని నాకు తెల్సు, పోశంకు తెల్సు. బావ నా దగ్గరికొచ్చి "ఆపుదమా?" అని అడిగిండు. నేను "ఇంకో వంద పోదం బావా, దగ్గరికొచ్చినం" అన్న. వంద అయినంక మళ్ల ఇంకో వంద అన్న. ఆ నెల నాకు లారీ కిస్తు కట్టేదుండె. ఫీటుకు ఇంత అని పైసలు బావ అప్పు తెచ్చి లెక్కపెట్టి ఇచ్చిండు. ఆ అప్పు తీర్చనీకి మళ్ల ఏడాది రెండెకరాలు అమ్మిండ్రు.

పోశం గీ మాట ఎప్పుడు ఎవలకు చెప్పలే. ఆ రోజు సుత నన్ను చెప్పమనలే. చాయ్ తాగి, నన్ను బస్సు దాక స్కూటర్ మీద దింపిండు.

నిర్మల్

నిర్మల్‌ల దిగింది సుగుణ మనుమరాలికి బొమ్మ కొందమని. అసలు సంగతేందంటె ఆదిలాబాద్ తొందరగ చేరబుద్ధి కాలే. ఒక పూట జాగు చేసిన.

బొమ్మలు చేసే కాడ ఒక పెద్దామె కూసోని పండ్లకు రంగులేస్తున్నది. పొనికి కర్ర చానా తేలిక, చేతిల పట్టుకుంటె ఏం పట్టుకున్నట్టే ఉండదు. మామిడికాయ, సీతాఫలం, అన్ని అసలు పండ్ల తీరుగనే ఉన్నయి. నేను ఒక జామకాయ తీస్కోని ముక్కు కాడ పెట్టుకున్న.

"కొరకకుండ్రి సారు, పోయిన వారం హైదరాబాద్ ఆయన ఒకలు కొరికిండు," అన్నదామె.

"రంగు మింగిండా?"

"పన్ను కదిలింది. పైసలు కట్టిపోయిండు పాపం."

ధర అడిగితె చెప్పింది, నేను తగ్గియ్యమన్న. ఆమె తగ్గియ్యలే. కర్ర దొరుకుడు కష్టమైందని, చేసేటోళ్లు తక్కువైండ్రని చెప్పింది. మా దిక్కు బేరం అంటె ఇద్దరు కొట్లాడాలె, ఆఖరుకు ఇద్దరు నవ్వాలె. ఈమె కొట్లాడదు. ఒక్కమాట చెప్పి మళ్ల కుంచె పట్టుకుంటది. చెప్పిన ధరే ఇచ్చి జామకాయ, చిలుక తీస్కున్న.

బయటికొచ్చి సుగుణకు ఫోన్ చేసిన. ఇంటికాడ మనుషులుంటరు, ఫోన్ల చెప్తె అయిపోతది అని నా తెలివి.

"చెల్లె, గా చెక్కు ఇయ్యకు. పోశంను అడిగిన. ఒక్కటే బోరు, మార్కెట్ల లేదు. మునుగుతవ్."

"పోశం కూలికి పోయినోడు, వానికేం తెల్సు కంపెనీ సంగతి? షేర్లిప్పిచ్చే మా చర్చి ప్రభాకర్ సార్ తన పైసలు సుత పెట్టిండు. ఆయన అబద్ధం చెప్తడా?"

"చెప్పడు. కాని..."

"అన్నా, నాకు మేడలొద్దు, బంగారమొద్దు. మా రెండెకరాలు కొన్నాయన మళ్ల అమ్ముతడట. ఆయన చెప్పిన ధర నా దగ్గర ఉన్నదానికి మూడింతలు. గీ ఒక్క తొవ్వ తప్ప నాకింకోటి కనపడతలేదు. బావ ఆ చేన్ల ఎట్ల కష్టపడ్డడో నీకు తెల్వదా?"

మంచిగ రా, రొట్టెలు చేస్త అని ఫోన్ పెట్టేసింది. నేను బస్టాండుల చిలుకను చేతిల పట్టుకోని కూసున్న. సిగ్గయింది. నిజంగ సిగ్గయింది. కరీంనగర్ బస్సు ముందట్నే నిలబడి ఉన్నది, ఎక్కుదమా అని సుత అనుకున్న. ఎక్కలే.

ఆదిలాబాద్ బస్సుల

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కినంక గాలి మారుతది, మాటల సుత మరాఠీ కలుస్తది. పక్కన కూసున్న పత్తి రైతు తెల్ల టోపీ సర్దుకుంట, "కాయ్ పావ్ణే, ఏ ఊరు?" అని పలకరిచ్చిండు. పావ్ణే అంటె చుట్టం. మొదటి మాటకే నన్ను చుట్టాన్ని చేసుకున్నడు. చాయ్‌ని వాళ్లు చహా అంటరు. మా దిక్కు చాయ్ పాలతోని చిక్కగుంటది, గుడిహత్నూర్ కాడ తాగింది అల్లంతోని గొంతుల మండింది. ఆయనే పైసలిచ్చిండు, నన్ను ఇయ్యనియ్యలే.

నేను ఏం పని చేస్తుంటినో చెప్తె ఆయన నవ్వి, "మా చేన్ల ఐదు పొక్కలున్నయి. నీయి గావు గద?" అన్నడు. కావని చెప్పిన. మళ్ల ఆదిలాబాద్ వచ్చేదాక కిటికీలకెళ్లి చూసిన.

ఆదిలాబాద్

సుగుణ ఇంట్ల ముందర అర్ర నిండ చాపలేసి ఉన్నయి. పన్నెండు మందొచ్చిండ్రు, అందరు చర్చోళ్లే, వాడకట్టోళ్లే. ఒకాయన రిటైరయిన కండక్టరు, ఒకామె టైలరింగు చేస్తది, మిగిలినోళ్లు కూలినాలి, చిన్న చిన్న కొలువులోళ్లు. ప్రభాకర్ సార్ లెక్కల టీచరు చేసి రిటైరయిండు. తెల్ల అంగీ, మెత్తటి మాట, నాకు సగం వినపడలే. ఆయన దొంగోడైతె నా పని ఎంత అల్కగ అయ్యేదో. ఆయన తన పింఛను పైసలు పెట్టి నమ్మిన మనిషి. నమ్మకమే అందరికి పంచుతున్నడు.

ప్రార్థన చేసిండ్రు. ఆయన లేచి బొమ్మలు చూపిచ్చిండు. బోరు ఎంత లోతుకు పోయిందో చెప్పిండు. ఆఖరుకు గొంతు పెంచి అన్నడు, అది నాకు మంచిగ వినపడ్డది.

"ఇంకో మూడొందల మీటర్లే ఉన్నది. దగ్గరికొచ్చినం. ఇప్పుడు ఆగితె పెట్టింది సుత పోతది. అందుకే కంపెనీ రెండో కిస్తు అడుగుతున్నది, కొత్తోళ్లను సుత తీస్కుంటున్నది."

సుగుణ చెక్కు కవరు ఒడిల పెట్టుకోని కూసున్నది.

నేను లేచిన. మోకాళ్లు నొచ్చినయి. "సార్, గా మాట మీకు కంపెనీల ఎవలు చెప్పిండ్రు? తవ్వేటోడు చెప్పిండా, తవ్విచ్చేటోడు చెప్పిండా?"

"మేనేజరు సార్ చెప్పిండు."

"కింద ఏమున్నదో ఆయన చూసిండా?"

"ఆయనకు తెల్వకుంట చెప్తడా దేవదానం గారూ?" అన్నడు ఆయన మర్యాదగనే. అందరు నా దిక్కు చూసిండ్రు. సుగుణ "కూసో అన్నా" అని చెయ్యితోని సైగ చేసింది.

కూసుంటె అయిపోతుండె. ఇంకో మాట చెప్తె నా ముఖం ఏమైతదో నాకు తెల్సు. కాని ఆ కవరు అప్పటికే సగం బయటికొచ్చింది.

"సుగుణా," అన్న. "మీ చేన్ల నాలుగో బోరు నేనేసిన. మూడొందల ఫీట్ల కాన్నే నాకు తెల్సు, కింద నీళ్లు లేవని. బావ ఆపుదమా అంటె నేను దగ్గరికొచ్చినం అన్న. గీ మాటే అన్న. ఇంకో వంద, ఇంకో వంద అని ఐదొందలు దింపిన. ఫీటు పైసలు నాయి, పొక్క మీది. లారీ కిస్తు కోసం చేసిన. మీ రెండెకరాలు పోయింది నాతోని."

టైలరింగు ఆమె చేతులు నోటికడ్డం పెట్టుకున్నది. నేను ఇంక చెప్పిన, ఆపబుద్ధి కాలే. "సార్ మంచోడే. సార్‌కు చెప్పినోడు ఎవడో నాసొంటోడు. తవ్వేటోడు దగ్గరికొచ్చినం అన్నడంటె, వాని పైసలు దగ్గరికొచ్చినయన్నట్టు. ఎవలు నమ్ముతరో మీ ఇష్టం."

సుగుణ నన్నే చూసుకుంట కూసున్నది. ఏడుస్తదనుకున్న, ఏడ్వలే. తిడుతదనుకున్న, తిట్టలే.

"బావకు తెల్సా?" అన్నది.

"తెల్వదు."

"మంచిగైంది. నువ్వు సొంతోడివని మురిసిపోయిండు ఆ రోజు. అట్లనే పోయిండు."

లేచి లోపలికి పోయింది. తలుపు సందులకెళ్లి బీరువా తీసుడు, మళ్ల తాళం తిప్పుడు కనపడ్డది. బయటికొచ్చినప్పుడు ఆమె చేతిల కవరు లేదు. ఆమె ఇయ్యకపోయేసరికి కండక్టరు సుత "నేను జర ఆలోచన చేస్త సార్" అన్నడు. ఒకలొకలే లేచి పోయిండ్రు. ప్రభాకర్ సార్ మాత్రం కుర్చీల్నే ఉన్నడు. బొమ్మల కాయితాలు మడతపెట్టుకుంట నన్ను అడిగిండు, "మరి నాయి? నేను పెట్టినయి ఏమైతయంటవు?" రెండో కిస్తు కట్టకుండ్రి సార్ అన్న.

సుగుణ జొన్న రొట్టె, శెనగపిండి కూర పెట్టింది. వేడి రొట్టె, మీద నూనె చుక్క, పక్కన ఎల్లిపాయ కారం. ఆదిలాబాద్‌ల ఇంటికొచ్చిన మనిషి ప్లేటుల రొట్టె అయిపోకముందే ఇంకోటి పడుతది, వద్దంటె కొట్లాట అయితది. నా ప్లేటుల రెండు పెట్టింది. అయిపోయినయి. ఆమె నా ముందట్నే కూసున్నది, చెయ్యి కదలలే. నేను సుత అడగలే. మనుమరాలు చిలుకను తీస్కోని వాకిట్లకు ఉరికింది.

తెల్లారి బస్సెక్కిన. వచ్చి నెల దాటింది. గ్రేసమ్మకు అంతా చెప్పిన, ఆమె రెండు దినాలు మాట్లాడలే, మూడో దినం అన్నం పెట్టుకుంట "చెప్పి మంచి పని చేసినవ్" అన్నది. నా లారీ పైసలల్ల ఆ రెండొందల ఫీట్ల పైసలు ఇప్పటి ధర కట్టి సుగుణ ఖాతాల ఏసిన. ఆమె వాటిని అదే దినం ఎనుకకు పంపింది.

ఆదివారం ఆదివారం నేనే ఫోన్ చేస్త. ఎత్తుతది. పానం బాగున్నదా అంటె బాగున్నది అంటది. చెక్కు సంగతి అడిగితె "చింపిన, పైసలు బ్యాంకుల్నే ఉన్నయి" అని చెప్పింది. నా బీపీ గోలీల గురించి సుత అడుగుతది, నర్సు కదా. ఇన్ని మాటలల్ల అన్నా అని ఒక్క మాట మాత్రం వస్తలేదు.